డిగ్రీ చదివి ఫోన్లు ఎత్తుడా? అంటున్న మనవాళ్లకు నాలుగు మాటలు



పోస్టు కొంచెం పొడుగే ఉంటది. అయినా చివరిదాకా చదవండి. ఇది మా రూంలో ఇద్దరి చదువు ఉంటదా పోతదా అన్న సంగతి.

మేము బుగ్గారం, ఆ చుట్టుపక్కల ఊర్ల నుంచి వచ్చి జగిత్యాలలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాం. రూంలో ఆరుగురం. లంబాడీలం ఉన్నాం, నాయకపోడు వాళ్లం ఉన్నాం, గోండు తమ్ముడు ఒకడు ఉన్నాడు. ఆరుగురిలో ఎవరి ఇంట్లోనూ మాకంటే ముందు కాలేజీ మెట్లు ఎక్కినవాళ్లు లేరు. అందుకే ఏది మంచి ఉద్యోగం, ఏది మోసం, ఎప్పుడు చేరాలి, ఎప్పుడు ఆగాలి అని ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఈ గ్రూపునే అడుగుతాం.

పోయిన నెల మన సీనియర్ అన్న ఒకాయన హైదరాబాద్‌లో కస్టమర్ కేర్‌లో చేరి, హెడ్‌సెట్ పెట్టుకున్న ఫొటో గ్రూపులో పెట్టిండు. కింద మనవాళ్లు రాసినవి చదివినం. "డిగ్రీ చదివి ఫోన్లు ఎత్తుడా?" "హలో సార్, చెప్పండి సార్ అనుకుంట బతుకుడేనా?" "గ్రూప్స్‌కు చదవరాదా అన్నా?" ఆ రాత్రికే అన్న ఫొటో తీసేసిండు. తీసేసిన సంగతి చాలామంది గమనించలేదు. మేము గమనించినం.

అదే వారంలో మా రూంలోకి రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి హైదరాబాద్ కాల్ సెంటర్‌ది. వెంటనే చేరాలి, అంటే సెమిస్టర్ మధ్యలో వదిలెయ్యాలి. రెండోది వాట్సాప్‌లో వచ్చింది. థాయిలాండ్‌లో కస్టమర్ సర్వీస్, నెలకు 80 వేలు, ఇంగ్లిష్ అంతంత మాత్రం వచ్చినా చాలు, రూం, టికెట్ వాళ్లదే. మాలో ఒకడు మొదటిదానికి, ఇంకొకడు రెండోదానికి తయారైనరు. రెండోవాడి దగ్గర పాస్‌పోర్టు కూడా ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు పాస్‌పోర్టు కొత్త సంగతి కాదు కదా. గల్ఫ్‌కు పోయినోళ్లు లేని వాడ మన దగ్గర ఏది?

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫోన్ ఎత్తి, మనిషి బాధ విని, దారి చూపే పని చిన్నది కాదు. సిగ్గుపడే పని అసలే కాదు. కానీ ఆ పని కోసం మూడు మాత్రం చేతిలోంచి జారనియ్యొద్దు. చదువు, పేరు, పాస్‌పోర్టు.

నిజం చెప్పాలంటే ఈ పని మనకు కొత్తది కాదు. మన ఇండ్లకు కస్టమర్ కేర్ మనమే. గ్యాస్ సబ్సిడీ పడకుంటే మాకే ఫోన్. ఉపాధి హామీ పైసలు ఏ బ్యాంకుల పడ్డయో తెల్వకుంటే మాకే ఫోన్. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడితే, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కకుంటే, రీచార్జ్ చేసినా సిగ్నల్ రాకుంటే, అన్నిటికీ మాకే. క్లాసులో ఉన్నాం అని మెసేజ్ పెడితే చదువుకోరాదు వాళ్లకు. మిస్డ్ కాల్ మీద మిస్డ్ కాల్. పదో తరగతి నుంచి జీతం లేకుండా ఈ డ్యూటీ చేస్తనే ఉన్నాం. మీరూ చేసే ఉంటారు.

మాలో ఒకరి తాత సంగతి చెప్తాం. ఆయన పింఛన్ పడే ఖాతా ఆగిపోయింది. బ్యాంకులో టోల్‌ఫ్రీ నంబర్ కాగితం మీద రాసిచ్చి దానికి ఫోన్ చెయ్యమన్నారు. తాత చేసిండు. అటునుంచి రికార్డు చేసిన గొంతు నమస్కారం అన్నది. తాత కూడా "నమస్తే బిడ్డా, బాగున్నవా" అన్నడు. తెలుగు కోసం రెండు నొక్కండి అన్నది. "నాకు కండ్లు కనవడయి బిడ్డా, నువ్వే నొక్కు" అన్నడు తాత. ఈ ముచ్చట విని రూంలో అందరం పడి పడి నవ్వినం. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. ఎందుకంటే ఆయన నాలుగు రోజులు అట్లనే చేసిండు. ఐదో రోజు మావాడు హాస్టల్ నుంచి చేస్తే, చాలాసేపు పాట విన్నాక ఒక అమ్మాయి లైన్‌లోకి వచ్చింది. కేవైసీ కాగితాలు మళ్లీ ఇస్తే చాలని చెప్పింది. ఏ కాగితం, ఎవరికి ఇవ్వాలి, తాత నడవలేకపోతే ఏం అడగాలి, అన్నీ విడమరిచి చెప్పింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆమె పేరు మాకు గుర్తులేదు. పింఛన్ మాత్రం మళ్లీ పడింది.

ఆ అమ్మాయి చేసింది చిన్న పనా? ఆమెను కూడా ఎవరో ఒకరు "డిగ్రీ చదివి ఫోన్లు ఎత్తుడా" అని అనే ఉంటారు.

108 సంగతి చూడండి. 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. అంబులెన్స్ తోలే అన్న మనకు కనబడతాడు. అంతకు ముందు ఫోన్ ఎత్తినవాళ్లు కనబడరు. రాత్రిపూట తండా నుంచి ఫోన్ పోతే, అటు మనిషి ఏడ్చుకుంట చెప్తడు: "పెద్ద చింతచెట్టు దాటినంక, బోరు కాడ." ఆ మాట నుంచి జిల్లా, మండలం, ఊరు పట్టుకోవాలి. మన తండాల్లో చాలావరకు మొన్నమొన్నటిదాకా పక్క ఊరి పేరు కిందనే ఉండేవి. 2018 పంచాయతీరాజ్ చట్టంతోనే 500 జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత పంచాయతీలు అయ్యాయి. అట్లాంటప్పుడు తండాలో పెరిగిన పిల్ల ఆ కుర్చీలో ఉంటే ఎంత తేడా? చింతచెట్టు అంటే ఏమిటో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు.

అంటే ఈ పనికి కావల్సిన మొదటి విద్య వినుడు. రెండోది ఓపిక. మూడోది రెండు మూడు భాషలు. ఇంట్లో గోర్‌బోలి లేదా గోండి, బడిలో తెలుగు, బజారులో హిందీ, కాలేజీలో ఇంగ్లిష్. ఈ మూడూ మన దగ్గర ఉన్నాయి. పట్నం పిల్లల దగ్గర ఉన్నదేదో మన దగ్గర లేదని బాధపడే మనం, మన దగ్గర ఉన్నదాన్ని లెక్క పెట్టుకోం.

అయితే పనిని పూలదండ వేసి చూపించడం మా ఉద్దేశం కాదు. ఫొటో తీసేసిన అన్నతో ఒక ఆదివారం గంటసేపు మాట్లాడినం. మొదట ఒక నెల ట్రైనింగ్ అట. తర్వాత ఒక కాల్ పెట్టేయగానే ఇంకొకటి. ఎంతసేపట్లో కాల్ ముగిస్తున్నరో లెక్క ఉంటది, దాన్ని యావరేజ్ హ్యాండిల్ టైం అంటారు. తొందరగా ముగిస్తే కస్టమర్ మార్కులు తక్కువ వేస్తడు, నిదానంగా చెప్తే టీం లీడర్ అడుగుతడు. ప్రతి కాల్ రికార్డు అయితది. బాత్రూంకు పోయిన నిమిషాలు కూడా సిస్టంలో కనబడతయి. కస్టమర్ తిడితే తిరిగి అనరాదు. "తప్పు కంపెనీది, సారీ నాది తమ్మీ" అన్నడు. జీతం కాగితం మీద 15 వేలు. కోతలు పోను చేతికి 13 వేలు. రూంకు, తిండికి, బస్సులకు 9 వేలు. ఇంటికి 4 వేలు. "మరి ఎందుకు చేస్తున్నవ్ అన్నా?" అంటే ఇట్లా అన్నడు: "ఆరు నెలల కింద మేనేజర్ ముందర నోరు తెరవనోడిని. ఇప్పుడు ఎవలతోనైనా మాట్లాడుత. గా 4 వేలతోటి మా అవ్వ మిత్తి కడుతుంది."

గ్రూప్స్‌కు చదవమన్న అన్నల మాట కూడా తప్పు కాదు. 2022లో మన రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతం అయింది. ఆ హక్కు ఎట్ల వచ్చిందో మనకు తెలుసు, దాన్ని వదులుకోమని ఎవరూ అనరు. ప్రైవేటులో మనకు రిజర్వేషన్ లేదు, అదీ తెలుసు. కానీ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తదో తెల్వకుండా అశోక్‌నగర్‌లోనో కరీంనగర్‌లోనో రూం తీసుకొని మూడేండ్లు, నాలుగేండ్లు కూర్చునే ఖర్చు ఎవరు పెడుతున్నరు? పత్తి ఏరే అవ్వ పెడుతుంది. పని చేసుకుంట చదివేవాడిని మనం నవ్వితే, వాడు పని మానేస్తడు, లేదంటే మనకు చెప్పకుండా చేస్తడు. మనకు చెప్పకుండా చేసేవాడే బ్రోకర్ చేతిలో పడతడు. మేము భయపడేది దానికే.

ఇక ఆ మూడు సంగతులు.

మొదటిది చదువు. రెండు సెమిస్టర్లు మిగిలి ఉండగా "ఇప్పుడే చేరాలి, లేకుంటే సీటు పోతది" అనే కంపెనీ మన మంచి కోరేది కాదు. కాల్ సెంటర్లలో జనం వస్తుంటరు, పోతుంటరు, ఖాళీలు మళ్లీ మళ్లీ పడతయి. డిగ్రీ మధ్యలో ఆగితే మాత్రం మళ్లీ మొదలుపెట్టినోళ్లు మన ఊర్లల్ల ఎంతమంది ఉన్నరో మీరే లెక్క పెట్టండి. ఇంటర్ మీద చేరినవాడికి, డిగ్రీ మీద చేరినవాడికి మొదటి నెల జీతంలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. మూడేండ్ల తర్వాత టీం లీడర్ పోస్టుకు అడిగేటప్పుడు తెలుస్తది తేడా. తప్పనిసరై వదిలినవాళ్లు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనన్నా చేరాలి. 1982 నుంచి ఉన్నది అది, పని చేసుకుంట చదివేవాళ్ల కోసమే పెట్టింది. చేరేవాళ్లు ఆఫర్ లెటర్ రాతలో అడగండి. పీఎఫ్ ఉందా? ఉంటే యూఏఎన్ నంబర్ ఇస్తారు. జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుందా అని అడగండి. చెల్లెళ్లు అయితే రాత్రి షిఫ్టు ఉందా, ఉంటే ఇంటి గడపదాకా క్యాబ్ ఉందా అని అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇచ్చి రావొద్దు. చూపించి, జిరాక్స్ ఇచ్చి రండి.

రెండోది పేరు. ఇది వినడానికి చిన్నగా ఉంటది. అమెరికా కాల్స్ మన దేశానికి రావడం మొదలైన కొత్తలో, ఇక్కడి పిల్లలకు ఇంగ్లిష్ పేర్లు పెట్టి కూర్చోబెట్టేవాళ్లు. ఇప్పుడు యాసను కూడా మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చింది. టెలిపర్ఫార్మెన్స్ అనే పెద్ద ఫ్రెంచ్ కంపెనీ మన దేశంలో మాట్లాడేవాళ్ల యాసను కాల్ నడుస్తుండగానే మెత్తగా చేసే సాఫ్ట్‌వేర్ వాడుతోందని 2025లో వార్తలు వచ్చాయి. మన సీనియర్ అక్క ఒకామె పేరు చివర ఇంటిపేరు చెప్తే కస్టమర్ "మీరు ఏమిట్లు?" అని అడిగిండట. ఆ తర్వాత టీం లీడర్ ఇంటిపేరు చెప్పకు అన్నడట. అక్క మానేసింది. ఇంటిపేరు చెప్పుడు కాదు, ఉద్యోగం. మేము ఆమెను సమర్థిస్తున్నామా లేదా అని రూంలోనే రెండు జట్లు అయినం. స్క్రిప్ట్ ప్రకారం మాట్లాడటం ఉద్యోగంలో భాగం, తప్పు లేదు. యాస సరిచేసుకోవడం కూడా నేర్చుకునుడే. కానీ ఆత్రం, కొడప, బానోత్, గుగులోత్ అని చెప్పుకునే ధైర్యాన్ని కూడా అప్పగించాలంటే ఆ జీతం మన ఖర్చుకు చాలదు. పది మందిమి ఒకే ఫ్లోర్‌లో ఉంటే ఒక్క అక్కకు ఆ మాట చెప్పడం కష్టమైతది. కాబట్టి చేరినవాళ్లు వెనుకవాళ్లకు దారి చెప్పాలి.

మూడోది పాస్‌పోర్టు. ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. 2024లో మన సిరిసిల్ల ప్రాంత యువకుడినే ఉద్యోగం అని డబ్బులు తీసుకొని కంబోడియా పంపించారు. అక్కడికి పోయినంక చేయించింది సైబర్ మోసాలు. ఇంటివాళ్లు పోలీసుల దగ్గరికి పోతే, సిరిసిల్ల పోలీసులు, అక్కడి మన రాయబార కార్యాలయం సాయంతో బయటపడ్డాడు. అదే ఏడాది మే నెలలో విశాఖపట్నంలో ఏజెంట్లను అరెస్టు చేశారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ అని చెప్పి పిల్లలను కంబోడియాకు తోలినరని కేసు. 2025 మార్చిలో థాయిలాండ్ సరిహద్దు దగ్గర మయన్మార్‌లోని మోసాల కేంద్రాల నుంచి 549 మంది భారతీయులను వైమానిక దళ విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లల్ల తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. చాలామందికి చెప్పిన ఉద్యోగం పేరు ఏమిటో తెలుసా? కస్టమర్ సర్వీస్, డేటా ఎంట్రీ. దిగేది బ్యాంకాక్‌లో, చేరేది నది దాటి మయన్మార్‌లో. అక్కడ పాస్‌పోర్టు గుంజుకుంటరు. ఎదుటివాళ్లను ఫోన్‌లో మోసం చెయ్యాలె, టార్గెట్ పెడతరు, చెయ్యకుంటే కొడతరు. అంటే మన తాతకు దారి చూపిన అదే విద్యతో, ఇంకొకరి తాత పింఛన్ గుంజుడు.

గల్ఫ్ బ్రోకర్ల చేతుల్లో దెబ్బ తిన్న జిల్లాలు మనవి. ఆ అనుభవం మనకు పనికి రావాలి. విదేశీ ఉద్యోగం అని ఎవరు చెప్పినా మొదట ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ ఏజెంట్ పేరు రిజిస్టర్ అయిందో లేదో చూడండి. రిజిస్టర్ అయిన ఏజెంట్ కూడా 30 వేలు, దానిపై జీఎస్టీ మించి సర్వీస్ చార్జీ తీసుకోరాదు. విజిట్ వీసా మీద పోయి ఉద్యోగం చెయ్యమంటే అక్కడికక్కడే ఆగిపోండి. ఇంగ్లిష్ సరిగ్గా రానివాడికి 80 వేలు ఎందుకిస్తున్నరు అని ఒక్కసారి అడుక్కోండి. మోసపోతే సిగ్గుపడి దాచొద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930కు వెంటనే ఫోన్ చెయ్యండి.

ఇంకొక మాట, సర్కారు వినాల్సింది. చిన్న చిన్న ప్రశ్నలకు ఇప్పుడు మిషన్లే జవాబు చెప్తున్నాయి, రేపు ఇంకా ఎక్కువైతది. అప్పుడు మనిషి దాకా వచ్చే కాల్ ఎవరిది? బటన్ నొక్కరానివాళ్లది, భాష రానివాళ్లది. మన తాతది. రైతుల కోసం కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి ఉంది, 22 భాషల్లో చెప్తామంటారు. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల ఫిర్యాదుకు 2021 నుంచి 14566 ఉంది. హిందీ, ఇంగ్లిష్, ప్రాంతీయ భాషలు అని రాసి ఉంటది. మరి మన భాషలు ఎక్కడ? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో లంబాడీ మాట్లాడేవాళ్లు 32 లక్షలకు పైనే, గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. రెండూ ఎనిమిదో షెడ్యూల్‌లో లేవు. 2025లో కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది, అందులో గోండి ఉంది, సంతోషం. కానీ దెబ్బ తిని ఏడుస్తున్న మనిషికి యాప్ కాదు, మనిషి కావాలి. 14566లో, 108లో మన భాష మాట్లాడే కుర్చీలు పెట్టమని మన సంఘాలు అడగాలి. ఆ కుర్చీలను కరీంనగర్ ఐటీ టవర్ లాంటి దగ్గరి చోట్ల పెట్టినా చాలు, సగం మంది చదువు మానకుండా పని చేసుకుంటరు. అప్పుడు అది దయ కాదు, మన భాషకు కట్టిన జీతం.

మా రూం సంగతి చెప్పి ముగిస్తాం. థాయిలాండ్ అన్నవాడు ఆగిండు. ఆ ఏజెంట్‌ను "రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పన్నా" అని మెసేజ్ పెడితే నంబర్ బ్లాక్ చేసిండు. అంతే, రెండు నిమిషాల పని. హైదరాబాద్ అన్నవాడు ఇంకా తేల్చుకోలేదు. వాళ్ల బాపుకు బోరు అప్పు ఉంది, మిత్తి పెరుగుతుంది. "రెండు నెలలు చేసి వస్త" అంటున్నడు. రెండు నెలలని పోయి తిరిగి వచ్చినోళ్లను మేము ఇంకా చూడలేదు, ఆ మాట వాడికీ తెలుసు. పరీక్ష ఫీజు మిగతా ఐదుగురం కడతాం అన్నాం. అప్పు మాత్రం మేము తీర్చలేం. పోతే మాత్రం వాడిని ఎవరూ నవ్వొద్దు.

గ్రూపులో ఇప్పటికే కస్టమర్ కేర్‌లో పని చేస్తున్న అన్నలు, అక్కలు చాలామంది ఉన్నారని మాకు తెలుసు. దాచుకోకండి. చేతికి ఎంత వస్తది, షిఫ్టులు ఎట్ల ఉంటయి, సెలవు ఇస్తరా, ఇంటిపేరు చెప్పనిస్తరా, ఉన్నది ఉన్నట్టు రాయండి. మా తర్వాత హాస్టల్‌కు వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ రాత బ్రోకర్ మెసేజ్ కంటే ముందు చేరాలి.

ఫొటో తీసేసిన అన్నా, నువ్వు చదువుతుంటే ఆ ఫొటో మళ్లీ పెట్టు. ఈసారి కింద మొదట రాసేది మేమే.